ముందు అబద్ధం, వెనక పిన్నీసు

నేను ఒక పేరుబిళ్ళను. వేలెడంత ఇత్తడి రేకు, వెనక ఒక పిన్నీసు, ముందు ఒక అబద్ధం. నా మీద 'హిరోషి' అని చెక్కి ఉంది. ఆ పేరు గల మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఒళ్ళు మండిపోతోంది కాబట్టి చెబుతున్నాను. నచ్చితే వినండి, లేకపోతే మానండి.

నేను పుట్టింది విశాఖపట్నంలో, రబ్బరు స్టాంపులూ ఇంటి బోర్డులూ చేసే ఒక ఇరుకు కొట్లో. నన్ను చేయించిన వరహాలరావు బిర్యానీ హోటలు నడిపి విసిగిపోయిన మనిషి. ద్వారకానగర్‌లో బట్టల షాపుల పైన మూడో అంతస్తు అద్దెకు తీసుకుని, కాగితపు లాంతర్లు వేలాడదీసి, జపాను భోజనం పెడతానని బయల్దేరాడు.

"కింద జపాను అక్షరాలు కూడా ఉండాలయ్యా, అప్పుడే నమ్ముతారు" అన్నాడు కొట్లో.

చెక్కేవాడికి జపాను అక్షరాలు ఎక్కడివి? వరహాలరావు తెచ్చిన సోయా సాసు సీసా చూసి రెండు చెక్కాడు. వాటి అర్థం 'చల్లని చోట ఉంచవలెను' అయినా నేను ఆశ్చర్యపోను.

ఆ హోటల్లో అన్నాన్ని సముద్రపు నాచు రేకులో చుట్టి, ముక్కలు కోసి పెడతారు. సుషీ అంటారు. కోసేవాడు జనం ఎదుటే, పొడవాటి చెక్కబల్ల వెనక నిలబడి కోయాలి. జపాను నుంచి మనిషిని రప్పించే ఓపిక వరహాలరావుకు లేదు. అందుకని సన్నటి కళ్ళు చూసి మనుషుల్ని ఎంచాడు. మొదట ఇంఫాల్ నుంచి ఒకాయన వచ్చాడు. హిరోషీ, హిరోషీ అని పిలిపించుకుంటూ కొన్నాళ్ళు ఓర్చుకుని వెళ్ళిపోయాడు. పోతూ నన్ను విప్పి బల్ల మీద పడేశాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం.

తర్వాత పదమ్ గురుంగ్ వచ్చాడు. వాళ్ళ నాన్న ఎప్పుడో నేపాల్ నుంచి వచ్చి ఓడరేవులో కాపలా ఉద్యోగం చేశాడు. పదమ్ పుట్టిందీ, బడికెళ్ళిందీ, గోళీలాడిందీ కంచరపాలెంలో. నోరు విప్పితే అచ్చం అక్కడి మాటే. వరహాలరావుకు కావలసింది మాత్రం ఆ నోరు మూసుకోవడం.

"కస్టమర్ల ముందు తెలుగు ముక్క రాకూడదు. నవ్వు, తల వంచు, అంతే. నోరు జారేవంటే ఆ రోజే ఆఖరు."

పదమ్ ఒప్పుకున్నాడు. ఆ పనంటే అతనికి ప్రాణం. ఈ ఊళ్ళో అలాంటి బల్ల ఇంకోటి లేదు. ఇక జనం సంగతి చెప్పాలా? తెలుగు రాదనుకుని అతని ఎదుటే నోటికొచ్చింది మాట్లాడేవాళ్ళు. కళ్ళు తెరిచాడో మూశాడో తెలీడం లేదని నవ్వేవాళ్ళు. వీడు కుక్కల్ని తింటాడా అని ఆరా తీసేవాళ్ళు. పదమ్ నవ్వి తల వంచేవాడు. నేను ఉండేది అతని గుండె మీదే కాబట్టి ఆ నవ్వు వెనక ఏం జరుగుతోందో నాకు తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తల్లీ తండ్రీ, సంహిత అనే ఎనిమిదేళ్ళ పిల్లా వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ఆ తండ్రి కూడా కళ్ళ మీద తన వంతు జోకు వేశాడు. ప్లేటు వచ్చింది.

"దానికి కీరాది పెట్టండి. రొయ్య లేదని వెయిటర్ చెప్పాడు" అంది తల్లి. "పోయినేడు రొయ్య తిని గొంతు వాచిపోతే ఆస్పత్రికి పరిగెత్తాం, గుర్తుందిగా."

వెయిటర్‌కి తెలిసింది అంతే. మనవాళ్ళకు చప్పగా ఉంటే నచ్చదని, అన్నిటి మీదా ఎండు రొయ్యల పొడి జల్లమన్నది వరహాలరావు. పదమ్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"చూడు, చేత్తో తినాలంటున్నాడు" అని తండ్రి నవ్వాడు.

పిల్ల ముక్క ఎత్తి నోటి దాకా తెచ్చింది. నా వెనక గుండె దడదడలాడింది.

"తినకమ్మా" అన్నాడు పదమ్. "దాని మీద జల్లింది ఎండు రొయ్యల పొడి."

పిల్ల ముక్క వదిలేసింది. పదమ్ ప్లేటు లాగేశాడు. తల్లి పిల్లను దగ్గరకు హత్తుకుంది. ఇక తండ్రి దండం పెడతాడని అనుకున్నాను. మనుషుల్ని చూసి కూడా అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

"నీకు తెలుగొచ్చా? ఇందాకట్నుంచీ అన్నీ వింటున్నావా?" అని లేచాడు. "జపాను వాడని చెప్పి మోసం చేస్తారా? ఓనర్ని పిలవండి."

ఆ గొడవలో పిల్ల నా వైపు చూసి మెల్లగా అడిగింది. "అంకుల్, మీ పేరు హిరోషీయేనా?"

"కాదమ్మా. పదమ్."

వరహాలరావు వచ్చి అతన్ని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "ఏట్రా ఇది? నా హోటలు ముంచేస్తావా?"

"ఏటి సెయ్యమంటారండీ? పిల్ల నోట్లో ఎట్టుకుంటంది."

"నవ్వి ఊరుకోవాలి. నీకు చెప్పింది అదేగా."

నన్ను విప్పింది వరహాలరావే. పదమ్ తన కత్తి గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగిపోయాడు. నాకు ఉన్నది ఒక్క పిన్నీసు. వరహాలరావు వేలికి అది గుచ్చుకుని రక్తం వచ్చింది. చాలలేదు.

తర్వాత డార్జిలింగ్ నుంచి ఇంకొకాయన వచ్చాడు. మోసగాణ్ణి పంపేశామని, ఈయన అసలైన జపాను వంటవాడని వరహాలరావు చాటాడు. బిళ్ళ మాత్రం మార్చలేదు. ఆ కుటుంబానికి తనే ఫోను చేసి రమ్మన్నాడు. తండ్రి భార్యనూ పిల్లనూ తీసుకుని వచ్చి, కొత్తాయన్ని తెలుగులో నాలుగు మాటలడిగి, జవాబు రాకపోయేసరికి తృప్తిపడ్డాడు.

"ఈయన అసలు మనిషి. ఒక్క ముక్క తెలీదు."

కీరా ముక్కలు వచ్చాయి. మీద ఎర్రటి పొడి. రొయ్య లేదని వెయిటర్ మళ్ళీ చెప్పాడు. సంహిత నన్ను చదివింది, కొత్తాయన ముఖం చూసింది.

"అంకుల్, ఇందులో రొయ్య ఉందా?"

ఆయన నవ్వి తల వంచాడు.

పిల్ల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. "పదమ్ అంకుల్‌ని పిలవండి. ఆయన చెబితే తింటాను."

ఆ బల్ల దగ్గర ఒక మనిషిని అతని పేరుతో పిలవడం నేను వినడం అదే మొదటిసారి. తల్లి ప్లేటు దూరంగా నెట్టింది. తండ్రి తల దించుకున్నాడు. పిల్ల ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది. కొత్తాయన మళ్ళీ నవ్వి తల వంచాడు.