ప్యాకింగ్ – 14 మంది

మా కంపెనీ నోటీసు బోర్డు మీద ప్రతి సోమవారం షిఫ్టు చార్టు అంటిస్తారు. మిషన్ ఆపరేటర్ల పేర్లుంటాయి, సూపర్‌వైజర్ పేరుంటుంది, ఆఖరికి డబ్బాల బండి తోలే శివ పేరు కూడా ఉంటుంది. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కటే గడి: 'ప్యాకింగ్ – 14 మంది'. పదిహేడేళ్లుగా ఆ పద్నాలుగు మందిలో నేనొకదాన్ని. ఎవరైనా మానేస్తే పదమూడు రాస్తారు, కొత్తమ్మాయి వస్తే మళ్లీ పద్నాలుగు రాస్తారు. పోయింది ఎవరో, వచ్చింది ఎవరో ఆ కాగితానికి అక్కర్లేదు.

నా పేరు త్రివేణి. మాది తొర్రూరు పక్కన పల్లె. ఇప్పుడు ఉప్పల్ చిలకానగర్‌లో ఉంటాం, పని నాచారంలో, మాత్రల కంపెనీలో. వయసు నలభై నాలుగు. అడక్కుండానే ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతిలో నాకు ఎదురైన ప్రతి మనిషీ నా వయసు నాకే గుర్తుచేశాడు. నేనే ముందు చెప్పేస్తే మీకు ఆ శ్రమ ఉండదు.

మా మూడో లైన్లో మాత్రలను షీట్లలో మూసే మిషన్ ఉంది. ఒక పక్క ప్లాస్టిక్ పొర వేడెక్కి గుంటలు పడుతుంది, గుంటల్లో మాత్రలు రాలతాయి, పైన రేకు అతుక్కుంటుంది, చివర్లో టకటకమని కోసి షీట్లను బయటికి తోస్తుంది. వాటిని ఏరి డబ్బాల్లో సర్దడం మా పని. పదిహేడేళ్లు ఆ చప్పుడు పక్కన నిలబడితే మిషన్‌కు జలుబు చేసినా తెలిసిపోతుంది. రేకు జారుతుంటే చప్పుడు మెత్తబడుతుంది. మాత్రల పొడి దారిలో పేరుకుంటే మధ్యమధ్యలో ఒక దెబ్బ బోలుగా పడుతుంది. ఆపరేటర్ దుర్గేష్‌కు ఇవేవీ వినబడవు.

"అక్కా, జర ఇటు రా. మల్ల ఆగింది," అని కేకేస్తాడు.

నేను వెళ్లి, "పొడి పట్టింది తమ్మీ, బ్రష్షుతోని దులుపు," అంటాను. మిషన్ నడుస్తుంది. అప్పుడు సూపర్‌వైజర్ కళ్యాణ్ సార్ వస్తాడు. "శభాష్ దుర్గేష్, పది నిమిషాల్లో లైన్ ఎక్కించేశావు," అని భుజం తడతాడు. దుర్గేష్ పళ్లు ఇకిలిస్తాడు, నా వైపు చూడడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. నేను మళ్లీ పద్నాలుగు మందిలోకి వచ్చి డబ్బాలు నింపుకుంటాను.

మొన్న వానాకాలంలో అదే మిషన్ మీద రెండో ఆపరేటర్ మానేశాడు. లోపల పనిచేసేవాళ్లు కూడా పరీక్షకు రావచ్చని బోర్డు మీద కాగితం పడింది. నేను పేరిచ్చాను. కందిరీగల తుట్టెను కదిపినట్టయింది.

సారలమ్మక్క నాకంటే ఆరేళ్లు పెద్దది, నా ఎదురుబల్ల. "ఏందే త్రివేణీ, ఆఫీసరమ్మవైతున్నవా? రేపటిసంది మాతోని మాట్లాడుతవా, చీటీ పంపుమంటవా?" అని బల్లలన్నిటినీ నవ్వించింది. ఇంట్లో మా ఆయన బిక్షపతి ఉన్నాడు. ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి కాబట్టి లోకంలోని మిషన్లన్నీ తన మేనత్త బిడ్డలన్నట్టు మాట్లాడతాడు. "గది మొగోళ్ల పనే. కరెంటు షాక్ గొడ్తె ఎవ్వడు జూస్తడు?" అన్నాడు. మగవాళ్లకు కరెంటు షాక్ కొట్టదు కాబోలు.

కళ్యాణ్ సార్ ఇరవై ఎనిమిదేళ్లవాడు, రాజమండ్రి వైపు నుంచి వచ్చాడు. మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాదకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది. "ఎందుకండీ త్రివేణిగారూ మీకీ తలనొప్పి? ఈ వయసులో హాయిగా ప్యాకింగ్ చేసుకోక," అన్నాడు. పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా నిలువుకాళ్ల మీద చేసే పనిలో హాయి ఏ మూల ఉందో ఆ బాబు చూపిస్తే బాగుండేది.

మొదటి పరీక్షలో మిషన్ తెర మీద ఎర్రక్షరాలు వెలిగించి, ఇదేం అలారం అని అడిగారు. అంతా ఇంగ్లీషు. పదో తరగతి తప్పినదాన్ని, అక్షరాలు తెలుసుగాని మాట పట్టుబడలేదు.

"తెర ఏమంటుందో నాకు తెల్వది సార్. రేకు జారుతుంది. చప్పుడు ఇనుండ్రి," అన్నాను.

నిజంగానే రేకు జారుతోంది. వాళ్లు చప్పుడు వినలేదు, నా మాటకు నవ్వారు. నాణ్యత చూసే విజయశ్రీ మేడం ఒక్కరే నవ్వలేదు. కానీ కాగితం మీద ఫెయిల్ అని రాసింది కూడా ఆవిడే.

సరే, అడ్డం ఆ మాటలే అయితే నేర్చుకుంటాననుకున్నాను. కంపెనీలోకి ఫోన్ రానివ్వరు, కాగితం ముక్క బయటికి పోనివ్వరు. తలలో ఏముందో మాత్రం సెక్యూరిటీవాడు తడిమి చూడలేడు కదా. రోజుకొక అలారం మాటను తెర మీద చూసి, ఒక్కొక్క అక్షరమే జపం చేసుకుంటూ గేటు దాటేదాన్ని. బస్సెక్కి ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితమని కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్ వెనక ఆ మాట రాసేదాన్ని. ఉప్పల్ రింగురోడ్డులో దిగేలోపు పదిసార్లు చదువుకునేదాన్ని. ఇంటికొచ్చాక ఫోన్లో అర్థం వెతికేదాన్ని. అలా ఇరవై ఆరు టికెట్లయ్యాయి. ఒకనాడు బిక్షపతి వాటిని చెత్తనుకుని చీపురు పట్టాడు. ఆ పూట అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

రెండో పరీక్షలో అలారాలన్నీ గడగడా చెప్పేశాను. రేకు చుట్ట మార్చాను, వేడి సరిచేశాను, మిషన్ నడిపాను. కళ్యాణ్ సార్ ముఖంలో నవ్వు పోయింది. చివరగా విజయశ్రీ మేడం రికార్డు పుస్తకం నా ముందు పెట్టి, మిషన్ మొదలుపెట్టిన టైము రాయమంది. పదీ పదిహేను. నేను 10:51 అని రాశాను.

మా బడిలో పలక మీద తప్పు పడితే ఎంగిలి పూసి తుడిచి, సార్ చూసేలోపు మళ్లీ రాసేవాళ్లం. చూస్తే తొడపాశం పెట్టేవాడు. ఆ భయం నా చేతిలో ఇంకా బతికే ఉంది. 51 కనబడకుండా నల్లగా నింపేసి, పక్కన 15 అని ముద్దుగా రాశాను. పదిహేడేళ్లలో మా చేతికి ఒక్కసారైనా పెన్ను ఇచ్చి ఉంటే ఆ తప్పు చేసేదాన్ని కాదు.

మేడం కళ్లజోడు తీసింది. "మందుల కంపెనీలో రాసింది చెరపకూడదమ్మా. చెరిపితే దాచినట్టే," అని ఫెయిల్ వేసింది. చెరపకుండా ఎలా దిద్దాలో మాత్రం చెప్పలేదు.

ఆ రోజు బస్సులో ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. టికెట్లన్నీ కవర్లో కట్టి అటక మీద పడేశాను. సారలమ్మక్క ఈసారి నవ్వలేదు. "అడుసు తొక్కుడెందుకు, కాళ్లు కడుగుడెందుకు? ఊకోరాదే," అంది. ఊరుకున్నాను. మూడు వారాలు తలెత్తకుండా డబ్బాలు నింపాను. ఆ ఖాళీ కూడా అట్లాగే ఉంది. బయటి నుంచి ఇద్దరు వచ్చారు గాని, ఇద్దరూ పదిరోజులు దాటి నిలవలేదు.

నాలుగో వారం మిషన్ ఆగింది. "అక్కా, జర ఇటు రా," అని దుర్గేష్ కేక. వెళ్లాను. వాడు మిషన్ కింద తల పెట్టి ఉన్నాడు, బల్ల మీద రికార్డు పుస్తకం తెరిచి ఉంది. ఆ ఒక్క పేజీలోనే ఏడు చోట్ల అంకెల మీద అడ్డంగా సన్నటి గీతలున్నాయి. గీత కింద పాత అంకె చక్కగా చదవొస్తోంది. పక్కన కొత్త అంకె, ఒక పొట్టి సంతకం, తేదీ.

"గివన్నీ ఏంది తమ్మీ?"

"తప్పులక్కా. ఒక్క గీత గీసి, పక్కపొంటి మంచిది రాసి, సంతకం బెట్టి తేదీ ఎయ్యాలె. అయిపోతది. రోజూ పడ్తయి."

"రోజూనా?"

"మనుషులమే గదక్కా."

వాడు మనిషి! ఒక్క పేజీలో ఏడు తప్పులు చేసి, ఏడు సంతకాలు పెట్టి, మధ్యాహ్నం క్యాంటీన్లో కాళ్లు చాపుకుని చాయ్ తాగే మనిషి. ఆ ఏడింటికీ వాడి వయసు ఎవరూ అడగలేదు, తలనొప్పి నీకెందుకని ఎవరూ జాలిపడలేదు. నాది ఒక్కటే తప్పు. ఆ ఒక్కదానికి నేనే పనికిరానిదాన్నయ్యాను.

"గిది నాకు ముందుగాల ఎందుకు జెప్పలే?" అన్నాను.

"నువ్వు అడగలే గదక్కా. సరే గని, ఏమైందో జర ఇను," అని మీట నొక్కి మిషన్‌ను నాలుగు దెబ్బలు నడిపించాడు.

విన్నాను. గుంటల దెబ్బ మొండిగా పడుతోంది: పొర వేడెక్కడం లేదు, ఒక పక్క తీగ వదులైంది. నాకు తెలుసు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

"ఆపరేటర్‌వి నువ్వు, నువ్వే సూస్కో," అని నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

నలభై నిమిషాలు మిషన్ నడవలేదు. కళ్యాణ్ సార్ పరుగెత్తుకొచ్చాడు. దుర్గేష్ చెవిలో ఏదో ఊదాడు. సార్ నేరుగా నా దగ్గరికే వచ్చాడు. అంటే ఇన్నాళ్లూ ఆయనకూ తెలుసన్నమాట.

"త్రివేణిగారూ, ఒకసారి చూడండి."

"నేను రెండుసార్లు ఫెయిలయిన మనిషిని సార్. మిషన్ దగ్గరికి పోతె రూల్ ఒప్పుకోదు."

"ఇప్పుడు రూల్సేంటండీ?"

"మిషన్ నడిచినప్పుడు నాకు రూలు, ఆగినప్పుడు మీకు అక్కరా? నాకు మల్ల పరీక్ష పెట్టుండ్రి. అప్పుడు ముట్టుకుంట."

"రెండు ఛాన్సులే ఇస్తాం కదండీ..."

"యాడ రాసుంది సార్? సూపియ్యుండ్రి."

గొంతు నాకే తెలియకుండా పెరిగింది. పదమూడు జతల చేతులు ఆగిపోయాయి. గొడవ విని వచ్చిన విజయశ్రీ మేడం వైపు సార్ సాయం అడిగినట్టు చూశాడు. ఆవిడ, "రెండే అని ఎక్కడా లేదు కళ్యాణ్. గురువారం పెడదాం," అంది. అప్పుడు వదులైన తీగ ఎక్కడుందో చూపించాను.

ఇంటికెళ్లి అటక ఎక్కాను. ఏం చేస్తున్నావని బిక్షపతి అడిగాడు. "మొగోళ్ల పని," అన్నాను. ఆయన వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. టికెట్ల మీది అచ్చు వెలిసిపోయింది గాని, వెనక నా రాత చెక్కుచెదరలేదు.

గురువారం మళ్లీ అదే జరిగింది. పని అంతా తిన్నగా చేసి, రికార్డు పుస్తకం దగ్గరికొచ్చాక వేడి రాయాల్సిన గడిలో టైము రాసేశాను. చేయి దానంతటదే నల్లగా నింపడానికి పోయింది. పట్టుకున్నాను. ఒక్క గీత గీశాను. పక్కన మంచిది రాశాను. 'త్రివేణి' అని పూర్తిగా సంతకం పెట్టి తేదీ వేశాను. నా తప్పు అందరికీ కనబడేలా అక్కడే ఉంది, నాకేమీ కాలేదు. విజయశ్రీ మేడం ఆ గడి మీద వేలు పెట్టి చూసి, కింద పాస్ అని రాసింది.

"సోమవారం నుంచి మూడో లైన్ మీదే," అంది.

సోమవారం పొద్దున బోర్డు ముందు నిలబడ్డాను. మూడో లైన్, రెండో ఆపరేటర్: ఖాళీ. కింద, ప్యాకింగ్ – 14 మంది.

కళ్యాణ్ సార్ అటుగా వస్తే అడిగాను. "ఆఫీసు నుంచి ఆర్డర్ రావాలండీ. కొన్నాళ్లు ఆగండి. చార్టు పాతదాన్నే కాపీ కొట్టేశాం, చిన్న పొరపాటు," అన్నాడు నవ్వుతూ.

కొన్నాళ్లంటే ఎన్నాళ్లో నాకు తెలుసు, పదిహేడేళ్లు చూశాను. సార్ జేబులోని పెన్ను అడిగి తీసుకున్నాను. 14 మీద ఒక్క గీత గీశాను. పక్కన 13 అని రాశాను. పైన ఖాళీ గడిలో నా పేరు రాశాను. రెండు చోట్లా సంతకం పెట్టి తేదీ వేశాను.

"ఏంటండీ ఇది? ఇది చార్టు, రికార్డు కాదు!"

"పొరపాటని మీరే అన్నరు గద సార్. చెరపలే, గీత కింద పద్నాలుగు చదవొస్తుంది సూడుండ్రి. సంతకముంది, తేదీ ఉంది. చెరిపితే దాచినట్టేనట."

ఆయన చేయి బోర్డు దాకా లేచి ఆగిపోయింది. చింపడానికీ లేదు, దిద్దడానికీ లేదు. వాళ్ల రూలే ఆయన చేయి పట్టుకుంది. వెనక నుంచి సారలమ్మక్క గొంతు వినబడింది.

"ఆ పదమూడుల నేనున్ననా?"

"ఉన్నవక్కా."

"యాడున్న? నాకు కనబడ్తలేను," అని ముందుకొచ్చింది. "ఆ పెన్ను ఇటియ్యి."

13 మీద ఒక్క గీత గీసింది. పక్కన, వంకరటింకర అక్షరాలతో, 'సారలమ్మ' అని రాసింది. సంతకం పెట్టడం రాదని అదే పేరు ఇంకోసారి రాసింది. తేదీ నన్నడిగి వేసింది. తర్వాత పెన్ను వెనక నిలబడ్డ మా ప్యాకింగ్ ఆమని చేతికి పోయింది, అక్కణ్నుంచి ధనశ్రీ చేతికి. గడి చిన్నది. పేర్లు పక్కకు, కిందికి జరిగి, కళ్యాణ్ సార్ పేరు దాకా వెళ్లాయి.