రోల్ నంబర్ పదిహేడు

ఆ అమ్మాయి తాగిన టీ కప్పు కడుగుతూ ఆమె మనసులోనే లెక్క చూసుకుంది. నెల రోజుల్లో ఇది మూడో రాక. మొదటిసారి గుమ్మంలోనే నిలబడి, సార్ దగ్గర చదువుకున్నానని, ఒకసారి చూసి పోదామని వచ్చానని చెప్పింది. సరే, పరామర్శ. రెండోసారి సంఖ్యా సిద్ధాంతం పుస్తకం పట్టుకొచ్చి, సార్ పోయాక ఆ పాఠం సరిగ్గా చెప్పేవాళ్ళు లేరని, డిగ్రీ ఆఖరి పరీక్షలు దగ్గరపడ్డాయని, ఒక్క లెక్క చూస్తారా అని అడిగింది. అక్కడే ఆమెకు మనసులో ముల్లు గుచ్చుకుంది. పేరున్న గణితం ప్రొఫెసరు చనిపోతే, పాఠం కోసం ఆయన భార్య దగ్గరికి, ఎనిమిదో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పుకునే బడి టీచరు దగ్గరికి ఎవరైనా వస్తారా? అయినా లెక్క చూసింది. చూస్తున్నంతసేపూ ఆ పిల్ల పుస్తకం వైపు కాకుండా తన చేతివైపే చూస్తోందని గమనించింది కూడా.

ఇవాళ అసలు సంగతి బయటపడింది. పైచదువుకి దరఖాస్తు చేస్తోందట. తన పని తెలిసినవాళ్ళ ఉత్తరం ఒకటి జతచెయ్యాలట. సార్ రాస్తానని మాటిచ్చారట. శుక్రవారం ఆఖరు. "మీరు రాసిస్తారేమోనని," అని ఆగింది. రేపు రమ్మని పంపేసింది ఆమె. పిల్ల లేచేటప్పుడు పుస్తకం జారి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం కిందపడింది. ఆమె వంగేలోపే ఆ పిల్ల దాన్ని తీసుకుని గుప్పిట్లో దాచేసింది.

ఆ గుప్పిటే ఇప్పుడు కప్పు కడుగుతున్నా కళ్ళముందు కదులుతోంది. పాతికేళ్ళ కాపురంలో ఆయన్ని ఆ విధంగా ఎన్నడూ అనుమానించలేదు. మనిషి పోయిన మూడు నెలలకు, కళ్ళజోడు ఇంకా బల్లమీద ఆయన పెట్టిన చోటే ఉండగా, అనుమానించాల్సి వస్తుందా?

వదిన ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. ఆయన అక్కగారు ఊరుకునే మనిషి కాదు. చదువుకునే పిల్లకి ఈ ఇంట్లో ఏం పని అంది. ప్రతిసారీ ఒంటరిగా ఎందుకొచ్చినట్టు అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పోయినవాడి ఉత్తరం మీద సంతకం ఎవరు పెడతారమ్మాయ్? వాడు ముందే సంతకాలు పెట్టి ఉంచేవాడని ఆ పిల్లకి తెలిసే వచ్చింది, చూసుకో," అంది. పెట్టేసే ముందు ఇంకోమాట. ఆయన నోటుపుస్తకాలన్నీ కలిపి డిపార్ట్‌మెంటు వాళ్ళు ఆయన పేరున ఒక పుస్తకం వేస్తున్నారు, సోమవారం మనిషిని పంపుతారు, అన్నీ కట్టగట్టి ఉంచమని.

ఫోన్ పెట్టేశాక ఆమె సొరుగు లాగి చూసింది. ఉన్నాయి. ఆయన పేరు, హోదా అచ్చువేసిన కాగితాలు మూడు, ఖాళీవి, అడుగున మాత్రం ఆయన సంతకంతో. విద్యార్థులకు ఉత్తరాలు ఆమే రాసేది. రాసిన ప్రతిసారీ సంతకానికి ఆయన్ని లేపడం దేనికని ఆయన ముందే పెట్టి ఉంచేవారు. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. ఆ పిల్లకు ఎవరు చెప్పారు?

ఉత్తరాలే కాదు. హోంవర్కు కాగితాలు కూడా అలాగే మొదలయ్యాయి. "నీకెలాగూ దిద్దడం అలవాటేగా, మీ బడివాటితో పాటు ఇవీ చూసెయ్," అన్నారు మొదటి ఏడాది, ఏదో కూరగాయల సంచి అందించినట్టు. అరవై కాగితాలు. పేర్లు రాయొద్దు, రోల్ నంబరు చాలు అని క్లాసులో చెప్పేవారు; నిష్పక్షపాతం అని పిల్లలు మెచ్చుకునేవారట. ఆ తర్వాత సాధనలు. ఆయన ప్రశ్నలు రాసేవారు, ఆమె వంటింటి గట్టు మీద బడి పిల్లల పాత జవాబు పత్రాల వెనకవైపు జవాబులు సాధించేది. ఆయన వాటిని మంచి నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేవారు. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ సూత్రమైనా ముందు చిన్న సంఖ్యలతో సరిచూసుకుని గానీ ముందుకు కదలదు. ఆయన నవ్వేవారు. "బడి పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోవు. నువ్వు లెక్కలు బాగా చేస్తావు, కాదనను. గణితం వేరు." నవ్వినా, ఎక్కించుకునేటప్పుడు ఆ చిన్న సంఖ్యల్ని మాత్రం తీసేసేవారు కాదు.

ఆమెకూ ఒకప్పుడు పైచదువుకి, డాక్టరేటుకే, సీటు వచ్చింది. అత్తగారు మంచం పట్టిన ఏడాది అది. "ఒకే ఇంట్లో ఇద్దరు డాక్టర్లు దేనికి, వైద్యం చేసేవాళ్ళమా?" అని ఆయన హాస్యమాడితే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మంచి హాస్యమే. చెడ్డ మనిషీ కాదు. జ్వరమొస్తే పక్కనే కూర్చునేవారు. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఆ వైపు చూడలేకపోతోంది. అది నిజమే, ఇదీ నిజమే. ఏది దేనిలోంచి తీసెయ్యాలో ఆమెకు అంతుపట్టలేదు.

మర్నాడు బడి వదిలాక ఆ అమ్మాయి వచ్చింది. ఆమె టీ పెట్టలేదు. సంతకం ఉన్న కాగితం ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఇదేగా నీకు కావలసింది?"

పిల్ల చూసింది. ఖాళీ కాగితం, అడుగున సంతకం. ఏమిటన్నది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"నాకిది వద్దు మేడమ్. సార్‌కి నా మొహం తెలుసు. నా పని తెలీదు."

"మరి ఆ కాగితమేమిటి? నిన్న దాచావు."

ఆ అమ్మాయి దాచలేదు ఈసారి. మడతలు విప్పి ముందుంచింది. బడి జవాబు పత్రంలోంచి చింపిన ముక్క. ఒకవైపు ఏ పిల్లాడో చేసిన భాగహారం, దాని పక్కన ఎర్ర సిరాతో ఆమె దిద్దిన రాత. రెండోవైపు కూడా ఆమె రాతే: "రెండుని మరిచిపోయిన మాట నిజం. ఒక సంఖ్యా, దాని రుణసంఖ్యా వేరువేరని అనుకున్నాను. రెండుతో భాగించి శేషం చూస్తే ఆ రెండూ ఒకటే. పట్టుకున్నవాళ్ళకి మంచి కళ్ళున్నాయి."

ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ప్రధాన సంఖ్యలన్నిటికీ వర్తిస్తుందని రాసిన సాధన అది. మూడుతో చూసింది, అయిదుతో చూసింది. రెండు దగ్గర కలం పెట్టబోతుంటే అత్తగారు పక్క మార్చమని పిలిచారు. తిరిగి వచ్చేసరికి ఎక్కడ ఆపిందో మరిచిపోయింది. ఏళ్ళతరబడి క్లాసుల్లో చెప్పినా ఆయన గమనించలేదు. కిందటేడు ఒకరోజు, "ఎవరో పిల్ల రెండు సంగతేమిటని అడిగింది, చూడు," అన్నారు హడావుడిగా చెప్పులు తొడుక్కుంటూ. ఎక్కించుకుంటారులే అని ముక్క మీద రాసి ఆయన జేబులో పెట్టింది. ఆయన ఎక్కించుకోలేదు. విప్పి చూడను కూడా లేదేమో, అలాగే ఆ పిల్లకి ఇచ్చేశారు.

"వెనకాల బడి లెక్క, ఎర్ర సిరా చూసి అది మీరేనని తెలిసిపోయింది," అంది అమ్మాయి. "నా హోంవర్కు మీద ఉండేదీ అదే రాత. ఒకసారి నేను 'ఇది తేలికే' అని మధ్య మెట్లు వదిలేస్తే, 'తేలికైతే రాసి చూపించు' అని పెట్టారు."

ఆమె ఈసారి తల ఎత్తి పిల్ల మొహం సరిగ్గా చూసింది.

"నువ్వు పదిహేడా?"

"అవును మేడమ్. పదిహేడు."

కుడివైపు వాలే అక్షరాలు. గుర్తులు తారుమారు చేసే తొందర. మొదటి ఏడాది చీటికీమాటికీ తప్పులు, రెండో ఏడాది ఆరో హోంవర్కులో తనకు తట్టని దారిలో తేల్చిన ఒక జవాబు. ఆ కాగితాన్ని తిరిగి ఇవ్వబుద్ధికాక రెండురోజులు బియ్యం డబ్బా కింద పెట్టుకుంది.

"కిందటేడే తెలిస్తే ఆయనతో అనలేదేం?"

"అంటే నా కాగితాలు మీ దగ్గరికి రావడం ఆగిపోతుందని భయమేసింది."

పిల్ల ఉత్తరం తాలూకు ఫారం తీసి ఇచ్చింది. అందులో మొదటి ప్రశ్నను ఆమె రెండుసార్లు చదివింది. ఈ విద్యార్థి పని మీకు ఎలా తెలుసు? సంతకం ఉన్న కాగితం మీద ఆయన పేరుతో పాత తేదీ వేసి రాస్తే ఎవరికీ నొప్పి ఉండదు. పిల్లకి సీటు వస్తుంది. సోమవారం నోటుపుస్తకాలు వెళ్ళిపోతాయి. వదిన సంతోషిస్తుంది. తన పేరుతో రాస్తే ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది. అది రాశాక నోటుపుస్తకాల్లో సాధనలు ఎవరివన్నదీ అడుగుతారు, ఆయన పుస్తకం ఆయనది కాకుండా పోతుంది.

"బడి టీచరు ఉత్తరానికి వాళ్ళు విలువిస్తారని ఏమిటి నమ్మకం?"

"నమ్మకం లేదు," అంది పిల్ల. "పని తెలిసినవాళ్ళు అని అడిగారు. నాకు ఇంకెవరూ లేరు."

ఆమె లేచి టీ పెట్టింది. పొయ్యి దగ్గర ఉండగా ఫోన్ మోగింది, వదిన. నోటుపుస్తకాలు కట్టావా అని. "ఇంకా లేదు వదినా. వాటిలో ఒక తప్పుంది, దిద్దాలి," అని పెట్టేసింది.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని, ఆయన కళ్ళజోడు కాస్త పక్కకు జరిపింది. చిత్తుప్రతికి కాగితం కావాలి. అలవాటు కొద్దీ చేతికందిన దాన్ని, సంతకం ఉన్న దాన్నే, వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది: "ఈమె ముఖం నేను మొదటిసారి చూసింది నెల క్రితం. చేతిరాత మాత్రం రెండేళ్ళుగా తెలుసు, ఎందుకంటే ఆ కాగితాలన్నీ దిద్దింది నేను."