ఆకుపచ్చ స్వెట్టరావిడ

"కింది సొరుగులో పాత షీట్లున్నాయి చూడు. వెనకవైపు బాగానే ఉంటాయి. ఓ నాలుగు నానబెట్టు, బ్రాన్" అన్నాడు క్లైవ్, టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటూ.

కొత్త కాగితం తేవాల్సిన లారీ రాలేదు. శనివారం ప్రదర్శనకి అతనికి ఇంకో బొమ్మ కావాలి. నీటిరంగులకి కాగితం ఇలా తీసి అలా వేసెయ్యడానికి లేదు. స్నానాల తొట్టెలో నానబెట్టాలి, పలక మీద పరవాలి, నాలుగంచులా జిగురు టేపు అంటించి ఆరనివ్వాలి. లేకపోతే రంగు తగలగానే ఉబ్బి ముడతలు పడుతుంది. పెళ్ళయినప్పట్నుంచీ మా ఇంట్లో ఆ బిగింపు నా పని. తొట్టెలో నేను హాయిగా నీళ్ళలో పడుకున్న రోజులకన్నా క్లైవ్ కాగితాలు స్నానం చేసిన రోజులే ఎక్కువ.

జెట్టీ ఎదురుగా ఉన్న గ్యాలరీ మాది. పేరుకి ఇద్దరిదీ. తలుపు తెరిచిన రోజు నుంచి ఇప్పటిదాకా, పొద్దున్నే అద్దాల మీద పేరుకున్న ఉప్పు తుడిచేది నేను. ఫ్రేములు కట్టేది నేను. సముద్రపు చెమ్మకి కాగితం మచ్చలు పట్టకుండా వెనక అట్టలు మార్చేది, వచ్చిన ప్రతివాళ్ళతో గాలి గురించీ వాన గురించీ మాట్లాడేది, ప్రదర్శన రోజు శాండ్‌విచ్‌లు కోసేది, చివర్న నేల తుడిచేది కూడా నేనే. క్లైవ్ బొమ్మలు వేస్తాడు. వెనక దక్షిణపు గదిలో వేస్తాడు. మా దేశంలో ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది కాబట్టి, ఎండ పొడ లేకుండా రోజంతా ఒకేలాంటి వెలుతురు ఆ గదికే ఉంది. "మా బ్రాన్ లేకపోతే అన్నయ్య బొమ్మలు గోడెక్కవు" అంటుంది ఆడపడుచు నోలీన్, మెచ్చుకుంటున్నాననుకుని. మా అత్తగారైతే మొహమాటం లేని మనిషి. నా చేతిలో కుంచె చూసిన రోజునే అనేసింది, "ఇంట్లో ఒక్క కళాకారుడు చాలమ్మా. ఇద్దరైతే తిండెవరు పెడతారు?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

అయినా ఒక్కసారి నా బొమ్మ ఒకటి గోడకెక్కింది. పిల్లలు బళ్ళో ఉన్న రోజులు. అది వసంతకాలం ప్రదర్శన. టాయిలెట్‌కి వెళ్ళే దారిలో ఓ మూల ఖాళీ ఉంటే క్లైవ్ సరేనన్నాడు. సాదా బొమ్మ, ఫ్రేమైనా కట్టలేదు. నీళ్ళు వెనక్కి పోయిన వేళ జెట్టీ గుంజల కింద మిగిలిన నీళ్ళు, అంతే. నీళ్ళున్న చోట చాలావరకు కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేశాను. చీజ్ పళ్ళెం పట్టుకుని ఆ మూలకే చూస్తూ తిరిగాను. ఎవరూ ఆగలేదు. వెనక్కి వెళ్ళి గ్లాసులు కడిగి వచ్చేసరికి గోడ మీద నా బొమ్మ లేదు, దాని పేరు చీటీ పక్కన ఎర్ర చుక్క అంటించి ఉంది. అమ్ముడైపోయిందని గుర్తు.

"ఎవరు? ఎవరు కొన్నారు?" అని క్లైవ్ చొక్కా పట్టుకుని గుంజాను.

"ఎవరో ఆకుపచ్చ స్వెట్టరావిడ. లోపలి ఊళ్ళ నుంచి వచ్చిందట, గోధుమల వైపు. ఇలాంటి నీళ్ళు ఎవరూ వెయ్యగా చూళ్ళేదంది. బస్సు టైమైందని అందరూ వెళ్ళకముందే పట్టుకెళ్ళిపోయింది."

ఇంకోటి వేస్తానంటే మాత్రం, "ఒకటి పోయింది కదా, మర్యాదగా అక్కడితో ఆగు. రెండోది పోకపోతే నువ్వు తట్టుకోలేవు" అన్నాడు. ఆ తర్వాత అత్తగారు మంచం పట్టింది. పిల్లలు, గ్యాలరీ, ఉప్పు పట్టిన అద్దాలు. ఆగాను. కానీ ఆవిణ్ణి మాత్రం వదల్లేదు. ఎండకి బీటలు వారిన నేల మధ్య ఆవిడ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని. హాల్లో గోడ మీద నా నీళ్ళు. వాన పడని ఏడాది ఆవిడ వాటి ముందు కాసేపు నిలబడుతుంది కాబోలు అనుకునేదాన్ని. గ్యాలరీ తలుపు గంట మోగి, లోపలికొచ్చిన మనిషి ఒంటి మీద ఏ కాస్త ఆకుపచ్చ కనిపించినా చేతిలో పని వదిలేసి ఎదురెళ్ళేదాన్ని. ఒక్కసారి, ఒక్కసారి వస్తే చాలు, కాఫీ ఇచ్చి కూచోబెట్టి ఆ మాట ఆవిడ నోటే వినాలనిపించేది. మొగుడి కోసం కూడా నేనంత ఇదిగా ఎదురు చూసి ఉండను. నవ్వుకోండి.

సరే, సొరుగులోంచి షీట్లు తీశాను. క్లైవ్ పాడుచేసిన పెలికాన్ పక్షుల బొమ్మలే అనుకుని, బొమ్మవైపు చూడనైనా చూడకుండా బోర్లా తొట్టెలో దించాను. టేపు ముక్కలు కత్తిరించుకుని వచ్చేసరికి నీళ్ళు పల్చటి గోధుమరంగుకి తిరిగాయి. గుంజలకి నేను దట్టంగా పూసిన రంగది. ఇంత దట్టంగా క్లైవ్ ఎప్పుడూ పూయడు. షీటు తిరగేశాను. సగం గుంజలు కరిగిపోయాయి. బొమ్మలో నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి, అక్కడ కరగడానికి రంగేదీ?

కారుతున్న కాగితాన్ని అలాగే పట్టుకుని దక్షిణపు గదికి వెళ్ళాను.

"అయ్యో, అది అందులో ఉందా?" అన్నాడు.

"ఆవిడ పట్టుకెళ్ళిందన్నావు."

"ఏ ఆవిడ?"

దాచినవాడు దాచిన సంగతే మర్చిపోయాడు. నేను ఇన్నేళ్ళు ఎవరి కోసం తలుపు వైపు చూశానో ఆ మనిషి అతనికి జ్ఞాపకం కూడా లేదు.

"ఆకుపచ్చ స్వెట్టరావిడ, క్లైవ్."

"ఓ! అదా. ఎప్పటి మాట బ్రాన్! పళ్ళెం పట్టుకుని అలా చూస్తుంటే నాకు జాలేసింది. ఎవరూ కొనలేదంటే నీ మొహం చూడగలనా? బొమ్మ తీసి దాచి, చుక్క నేనే పెట్టాను. నీ మంచికే కదా."

"చుక్క పెట్టాక ఇంకెవరు కొంటారు?"

కుంచె కడగడం మొదలుపెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న కుంచెని.

"సరే, ఆవిడ లేదు. మరి ఆ నీళ్ళ గురించి ఆవిడ అందన్న మాట? అదీ నువ్వు అల్లిందేనా?"

కుంచెని గుడ్డకి తుడిచాడు. బయట సీగల్ పక్షులు చిప్స్ ముక్కల కోసం కొట్టుకుంటున్నాయి.

"అది అల్లలేదు" అన్నాడు చివరికి. "చూస్తే అలా అనిపించింది. అదే చెప్పాను."

నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. గోధుమ చేల అవతల ఎక్కడో ఉందనుకున్న మనిషి ఇదిగో, రోజూ నా చేతి తిండి తింటూ ఈ గదిలోనే కూచుంది. ఆ ఒక్క మాట ఆ సాయంత్రం తన నోటితో తను అని ఉంటే నేను ఆగేదాన్ని కాదు. అది తెలిసే అనలేదు. లేని ఆడదానికి అరువిచ్చాడు. ఇన్నేళ్ళూ నేను తహతహలాడింది ఆవిడ కోసం కానే కాదని, మళ్ళీ అలా ఒక బొమ్మ వెయ్యడం కోసమని అప్పుడు తెలిసింది.

"ముందు తొట్టెలో షీట్లు చూడు, ఎక్కువ నానితే పనికి రావు" అన్నాడు క్లైవ్.

"నువ్వే చూడు. ఒకటి నాకూ బిగించు. రేపట్నుంచి ఈ గది నాది."

"ఏమిటీ? మరి నేనెక్కడ వెయ్యను?"

"వంటింట్లో. పొయ్యి మీద ఓ కన్నేసి వెయ్యాలి, అన్నం వేళకి బల్ల ఖాళీ చెయ్యాలి. ఎవరూ వెయ్యగా చూడని నీళ్ళు నేను అక్కడే వేశాను."