దానిమ్మలో మేకు

వీధి గుమ్మానికి అటూ ఇటూ ఉన్న రాతి సింహాల చెవుల్లోంచి బొగ్గుధూళి దులపడం అయ్యేసరికి ఏడు కావచ్చింది. యిన్‌హువా మేకవెంట్రుకల కుంచెను గోడకి తట్టి, ఎత్తైన గడపను దాటి లోపలికి వచ్చింది. అరవై మూడేళ్ళ మోకాళ్ళు ఆ గడప దగ్గర రోజూ ఓసారి కటుక్కుమంటాయి. అయినా గడప మీద కాలు పెట్టి ఎరగదు, పెట్టిన వాళ్ళని ఊరుకోదు కూడా. నిరుడు పెద్ద కెమెరా ఆయనొకడు గడపెక్కి నిలబడితే చీపురుతో బూటు మీద తట్టి, మీ ఇంట్లో పెద్దవాళ్ళ మెడ మీద కూడా ఇలాగే నిలబడతావా అని అడిగింది. ఆయన ఫిర్యాదు రాసి పెట్టెలో వేసి పోయాడు. అలాంటివి ఆమె మీద ఆఫీసులో ఓ దొంతర ఉన్నాయి.

చైనాలో షాన్షీ వైపు దువాన్ వారి లోగిలి చూడటానికి వచ్చే జనం తలెత్తుకునే నడుస్తారు. దూలాల చివర ద్రాక్షగుత్తులు, గోడల మీద ఇటుకలో చెక్కిన లేళ్ళు, కొంగలు, గుమ్మాల పైన చెక్క పలకల్లో పూలూ పళ్ళూ. వాటి అర్థాలు యిన్‌హువాకి రావు. ఏ ఆకు వెనక సాలీడు గూడు పెడుతుందో, ఏ లేడి కాలు కుంచె గట్టిగా తగిలితే రాలిపోతుందో తెలుసు. తడిగుడ్డ ముట్టనివ్వదు. తడి తాగిన ఇటుక చలికాలంలో పొరలు పొరలుగా లేస్తుందని ఆమెకి ఏ బడీ చెప్పలేదు. పుట్టి పెరిగిన గోడలే చెప్పాయి.

పుట్టి పెరగడమంటే మాటవరసకి కాదు. విప్లవం వచ్చి, ఆస్తిపరులైన దువాన్ వాళ్ళు సర్దుకుని పారిపోయాక ఈ లోగిలిని బీదవాళ్ళకి పంచారు. మూడో మండువాలో నాలుగు వైపులా ఆరు కుటుంబాలు, ఇరవై ఏడు ప్రాణాలు. పడమటి గది బండ్లు చేసే ఆమె తండ్రిది. ఆ గదిలో, కింద నిప్పు రాజేసే ఇటుక మంచం మీద యిన్‌హువా పుట్టింది. అక్కణ్ణుంచే పెళ్ళికూతురై వెళ్ళింది. మొగుడు బొగ్గుగనిలో పోయాక చిన్న మూటతో అక్కడికే తిరిగి వచ్చింది. నలభయ్యో ఏట ప్రభుత్వం వాళ్ళందరినీ లేపి, ఊరి చివర నాలుగో అంతస్తులో గదులిచ్చి, లోగిలికి టికెట్టు పెట్టింది. ఏడాది తిరక్కుండా యిన్‌హువా ఊడ్చే పనికి చేరి అదే గుమ్మంలో తేలింది. తన ఇల్లు తాను ఊడ్చుకోవడానికి జీతం ఇస్తున్నారు, వెర్రిబాగులవాళ్ళు అనేది.

ఆ గదిని ఇప్పుడు నాలుగో కోడలి కుట్టుపని గది అంటున్నారు. గైడు పిల్ల యాచీ రోజుకి ఎనిమిదిసార్లు మైకులో చెబుతుంది: దూరదేశం వెళ్ళిన భర్త కోసం ఆ ఇల్లాలు ఇరవయ్యేళ్ళు ఈ కిటికీ దగ్గరే కూర్చుని ఎదురుచూసిందట. పక్కనే ఊడుస్తున్న యిన్‌హువా ఒకరోజు తలెత్తకుండానే, ఆ కిటికీకి మేం మేకని కట్టేసేవాళ్ళం అంది. జనం విరగబడి నవ్వారు. యాచీ రెండు రోజులు మొహం మాడ్చుకుని, మూడోనాడు మేక పేరేంటని మెల్లిగా వచ్చి అడిగింది.

గది గుమ్మం పైన ఒక చెక్క పలక ఉంది. పగిలి గింజలు కనిపిస్తున్న మూడు దానిమ్మపళ్ళు, చుట్టూ ఆకులు. నలభై అయిదేళ్ళ వంటపొగకి అది తారులా నల్లబడింది. నడిమి పండులో, సరిగ్గా గింజల మధ్య, వేలెడు పొడుగు బయటికి వచ్చిన నాలుగు పలకల ఇనప మేకు ఉంది. ఎదురుగా తూర్పు గుమ్మం మీద దీని జోడు పలక ఉండేది. పందొమ్మిది వందల అరవయ్యారులో, పాతదంతా పగలగొట్టమని హుకుం వచ్చిన రోజుల్లో, కుర్రాళ్ళ గుంపు గొడ్డళ్ళతో వచ్చి, పాత పెద్దల ఆనవాళ్ళంటూ దాన్ని ముక్కలు చేసింది. ఇప్పుడక్కడ యంత్రం మీద కోయించిన కొత్త పలక బిగించారు. కొత్త చెప్పుల్లా నిగనిగలాడుతుంది.

నిన్న నోటీసు అంటించారు. చూడదగ్గ చోట్లకి గ్రేడు ఇచ్చే ప్రభుత్వ బృందం ఈ మధ్యాహ్నం మూడింటికి వస్తోంది. ఈలోగా మూడో మండువాలో మేకు పీకేసి, కన్నం పూడ్చి, మసి గీకి రంగు వేయాలి. యిన్‌హువా అది రెండుసార్లు చదివింది. సామాన్లు పోయాయి, ఇటుక మంచం మీద పట్టు పరుపులు వేశారు, గోడ మీద చెల్లెలు బొగ్గుతో గీసిన కోడిపుంజు సున్నం కింద పోయింది. ఆ మేకూ మసీ కూడా పోతే ఆ గదిలో ఇరవై ఏడుగురిలో ఒక్కరు బతికినట్టు కూడా దాఖలా ఉండదు. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళి అటక మీంచి ఏదో దించి, సంచిలో పెట్టుకుని పొద్దున్నే తెచ్చింది.

పదింటికి వడ్రంగి పాంగ్ నిచ్చెన వేసుకుని వచ్చాడు. వెనకే డైరెక్టరు జియన్‌మిన్, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. యిన్‌హువా చీపురు గోడకి ఆనించి చూస్తూ నిలబడింది. పాంగ్ పైకెక్కి పట్టకారుతో మేకు కదిపి చూశాడు. తర్వాత పలక వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు.

"ఇది పీకితే వచ్చేది కాదు సార్. అవతలికి దిగ్గొట్టి, మొన మడిచి, చెక్కలోకి తిప్పి కొట్టారు. బండిచక్రాల పనోడెవడో చేసుంటాడు. లాగితే పండు రెండు చెక్కలవుద్ది."

"అయితే ముందువైపు కోసెయ్," అన్నాడు జియన్‌మిన్.

పాంగ్ రంపం కోసం దిగాడు. సంచిలోంచి అది తీసేసరికి నిచ్చెన రెండో మెట్టు మీద యిన్‌హువా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నంత తీరిగ్గా. లేవమన్నారు. లేవనంది. జియన్‌మిన్ మర్యాదగానే చెప్పాడు, యిన్‌హువా గారూ, ఇది ఆఫీసు పని అని. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమన్న సంగతి గుర్తు చేశాడు. ఆమె ఆ సంగతి తనకీ గుర్తుందనీ, తన మోకాళ్ళకి కూడా గుర్తుందనీ అంది. అప్పటికి యాచీ, టికెట్లు చింపే నేనూ, తోటమాలీ అందరం చేరాం. జియన్‌మిన్ గొంతు పెంచాడు.

"ఇది మూడు వందల ఏళ్ళ కళ. దాని మధ్యలో ఓ తుప్పు మేకు. ఎవరి పరువు పోతుందనుకుంటున్నారు?"

"నీదే, గౌషెంగ్," అంది యిన్‌హువా.

తోటమాలి పక్కకి తిరిగి దగ్గాడు. గౌషెంగ్ అంటే కుక్క ఎంగిలి. పిల్లవాడు దక్కాలంటే దిష్టి తగలని చవక పేరు పెట్టడం మా వైపు అలవాటు. జియన్‌మిన్‌కి ముందు పుట్టిన ఇద్దరు పోతే వాళ్ళమ్మ పెట్టుకున్న పేరది. వాళ్ళది తూర్పు గది. పదిహేడేళ్ళ యిన్‌హువా ఆ పిల్లాణ్ణి చంకనేసుకుని ఈ మండువాలోనే తిప్పింది. డైరెక్టరుగారు ఈ మండువాలోనే పాకాడని ఆఫీసులో సగం మందికి తెలియదు. ఆయన ఏనాడూ చెప్పలేదు.

ఆయన మొహం ఎర్రబడింది. మమ్మల్నందర్నీ ఓసారి చూసి, గొంతు తగ్గించి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటుకి దుమ్మంటింది.

బేరం పెట్టాడు. మేకు ఉంచుతాడు, మసీ ఉంచుతాడు. పక్కన ఇత్తడి పలక బిగించి, దాని మీద యిన్‌హువా తల్లి పేరు చెక్కిస్తాడు. గొడ్డళ్ళ గుంపు వచ్చిన రోజున, ప్రాణాలకి తెగించి, అడ్డంగా బుట్ట వేలాడదీసి ఈ శిల్పాన్ని కాపాడిన వీరవనిత అని. బృందం వాళ్ళకి అలాంటివి ఇష్టం. బుట్ట అడ్డం ఉండబట్టే పలక దక్కిందన్నది నిజమే కదా అన్నాడు.

నిజమే. ఆ రోజు గుంపు తూర్పు పలక నరికి ఇటు తిరిగింది. పొగకి నల్లబడ్డ గుమ్మం మీద ఉల్లికాడలు, వెల్లుల్లి వేలాడుతున్న బుట్ట కనబడింది. ఒకడు ముక్కు మూసుకున్నాడు. వెనకేముందో ఎవడూ చూడలేదు, వెళ్ళిపోయారు. పదకొండేళ్ళ యిన్‌హువా తల్లి వెనక నక్కి ఇదంతా చూసింది.

మేమందరం ఒప్పుకుంటుందనే అనుకున్నాం. ఎవరి తల్లి పేరు ఇత్తడిలో ఎక్కుతుందంటే వాళ్ళు కాదంటారు?

"మా అమ్మకి శిల్పం తెలీదురా," అంది యిన్‌హువా. "అవి దానిమ్మ పళ్ళో, గుమ్మడికాయలో కూడా ఎప్పుడూ చూళ్ళేదు. కిందపెడితే ఎలకలు తింటున్నాయని నాన్న చేత మేకు కొట్టించింది. ఆ ఏడు మాకు చలికాలం గడవాలంటే ఆ బుట్టలోదే. ఎలకల కోసం కొట్టిందని రాయి. ఇక్కడ ఇరవై ఏడుగురం వండుకు తిన్నాం, అందుకే నల్లగా ఉందని రాయి."

"అది చదవడానికి టికెట్టు కొని ఎవరొస్తారు పిన్నీ?"

"అయితే ఏమీ రాయకు. మా అమ్మ మీద మాత్రం నాలుగో కోడలి కథలల్లకు. బతికింది చాల్లే, మళ్ళీ వేషం కూడా వెయ్యాలా?"

 ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఆమెకి ఈ రోజుతో పని అయిపోయిందని, కోటు, గుర్తింపు బిళ్ళ అప్పజెప్పమని యాచీ వైపు చూస్తూ చెప్పాడు. ఆమె మొహం చూసి చెప్పలేకపోయాడు. నాకూ ఉద్యోగం కావాలి, చేతిలోని టికెట్ల కట్ట సర్దుకుంటూ నిలబడ్డాను. పాంగ్ మాత్రం రంపాన్ని సంచిలో పెట్టుకుని, నాకు టీ వేళయింది సార్ అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ రోజు కనబడలేదు.

యిన్‌హువా సగంలో ఆపిన మండువా ఊడవడం పూర్తి చేసింది. మూలల్లో కూడా. తర్వాత నీలం కోటు విప్పి నాలుగు మడతలు వేసి, పైన బిళ్ళ పెట్టి, మెట్టు మీద ఉంచింది. సంచిలోంచి బుట్ట తీసింది. సన్నటి చెట్టుకొమ్మలతో అల్లిన, వాళ్ళమ్మ నాటి పాత బుట్ట, అందులో వెల్లుల్లి జడ ఒకటి. బూజుకర్ర కొనకి తగిలించి, మునివేళ్ళ మీద లేచి, ఒక్క ప్రయత్నంలోనే మేకుకి వేసింది. ఆ చేతులకి ఆ ఎత్తు తెలుసు. ఎవరూ ఆపలేదు.

తర్వాత మా అందరి ముందు నుంచీ నడిచి, వీధి గుమ్మం దగ్గర ఒక చెయ్యి తలుపు మీద ఆనించి, కుడికాలు ఎత్తి గడప దాటింది. ఎడమకాలు కూడా దాటించి, వెనక్కి చూడకుండా రోడ్డెక్కింది.

మూడింటికి బృందం వచ్చింది. నిచ్చెన గోడకే ఆని ఉంది, డైరెక్టరుకి కావలసినంత వ్యవధీ ఉంది, అయినా బుట్ట అక్కడే ఉంది. బృందంలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని ఇదేమిటని అడిగింది. యాచీ మైకు పట్టుకుని డైరెక్టరు వైపు చూసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఎలకలు తినకుండా," అన్నాడు. ఎదుటి గుమ్మం చూపిస్తూ, "ఇక్కడ కాపురాలుండేవి. మాది ఆ ఎదుటి గది."

ఆ సాయంత్రం నేను యిన్‌హువాకి ఈ సంగతి చెబుదామని నాలుగు అంతస్తులు ఎక్కాను. ఆమె నూడుల్స్ మీద వెనిగర్ పోసుకుంటోంది. అంతా విని, ఇంకో గరిటె పోసుకుని, ఆ మాట అనడానికి వాడికి ఇన్నేళ్ళు పట్టిందా అంది. మర్నాడు జియన్‌మిన్ పనిలోకి రమ్మని కబురు పెడితే, వాడి ఇల్లు ఇకనుంచి వాణ్ణే ఊడ్చుకోమని తిప్పి పంపింది. కొత్త సంవత్సరానికి పదిరోజుల ముందు, జ్వరం వచ్చిన మూడోనాడు, నిద్రలో పోయింది. శవం వెంట పన్నెండుమందిమి నడిచాం. గౌషెంగ్ ముందు వరసలో నడిచాడు.

ఇత్తడి పలక ఏదీ పెట్టలేదు. మసి అలాగే ఉంది. బుట్ట మేకుకే వేలాడుతోంది, అడుగున, మేకు కొట్టకముందు ఎలకలు కొరికిన చోట, యిన్‌హువా తల్లి నీలం గుడ్డతో వేసిన మాసిక కిందనుంచి చూస్తే కనిపిస్తుంది.