చక్రం మీద ఒకే చొక్కా

ఆ కొండ ఊరి గురించి చెప్పమంటే కథలమ్మకు అలుపుండదు. స్నానశాల నడిపే ఆమెను వచ్చేపోయే వాళ్లందరూ పిలిచే పేరు అదే. ఎప్పుడో మేకలు కాసేవాళ్లు మంచులో పొగలు కక్కుతున్న ఊటను చూశారట. కీళ్లు పట్టేసినవాళ్లు మంచాల మీద మోయించుకుని వచ్చి, నడిచి కొండ దిగారట. ఊరంతా ఆ నీళ్ల చుట్టూనే పుట్టింది. పైన ఊట, కింద స్నానశాల, మధ్యలో వీధి కింద కుడి ఎడమలుగా రెండు పాయల రాతి కాలువ. ఆ కాలువ మీద అక్కడక్కడా ఇనుప మూతలున్నాయి. చలికాలం ముసలివాళ్లు ఆ వెచ్చటి మూతల మీద చేరితే లేవమన్నా లేవరు.

ఆ నీళ్లలో సున్నం జాస్తి. ఊరుకుంటే పెచ్చులు కట్టి కాలువ పూడిపోతుంది. అందుకని అప్పుడప్పుడూ పైన చక్రం తిప్పి నీటి తలుపు దించి, ఊటను వాగులోకి మళ్లించి, లోపల దూరి గీకాలి. దిగేవాడు తన చొక్కా విప్పి చక్రానికి కట్టి మరీ దిగుతాడు. ఆ చొక్కా ఉన్నంతసేపూ చక్రాన్ని ఎవరూ ముట్టుకోరు. బయటికొచ్చి తన చొక్కా తానే విప్పుకుని, అప్పుడు తలుపు ఎత్తుతాడు. ఊట నీళ్లు నేరుగా ఒంటిమీద పడితే తోలు ఊడొస్తుంది మరి.

ఆ రోజు కాలువలోకి దిగింది కథలమ్మ తమ్ముడు. ఆమె మొగుడు వడ్రంగి. ఈ బావకూ బావమరిదికీ కొన్నాళ్లుగా మాటల్లేవు. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. బావ చేసిన కిటికీ రెక్క మూసుకోవడం లేదని బావమరిది పదిమందిలో ఎగతాళి చేశాడు. అంతే, ఇద్దరూ మూతులు ముడుచుకుని కూర్చున్నారు. మధ్యలో నలిగిపోయింది ఈమె.

"చాల్లే నీ పంతం! వాడు ఎడమ పాయలో ఉన్నాడు. నువ్వెళ్లి కుడి పాయ గీకు. పనిలో పడితే మాటలు వాటంతటవే కలుస్తాయి," అని పొద్దున మొగుణ్ణి తనే తరిమింది. అతను సణుక్కుంటూ వెళ్లాడు.

కాసేపటికి పైన గంట మోగింది. తలుపు ఎత్తారన్నమాట. "ఇదిగో, నీళ్లు వచ్చేస్తున్నాయి," అని స్నానానికి వచ్చినవాళ్లతో చెబుతూ ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ కబుర్లాడుకుంటూ దిగి వస్తారని ఆమె ఆశ. తమ్ముడు ఒక్కడే వస్తున్నాడు, తల తుడుచుకుంటూ.

"మీ బావేడ్రా?"

"ఆయన సంగతి నాకేం తెలుసు?"

"కుడి పాయలోకి దిగాడు కదరా!"

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "చక్రం మీద నా చొక్కా ఒక్కటే ఉందక్కా..."

ఒక చొక్కా ఎలాగూ ఉంది కదా, రెండోది ఎందుకులే అనుకుని ఉంటాడు ఆ మహానుభావుడు!

"నిలబడతావేంరా? పో! పోయి దించు!"

వాడు పైకి పరుగు లంకించుకున్నాడు. చల్లబడిన రాళ్లు పగలకుండా తలుపును మొదట కొంచెమే ఎత్తుతారు. అదొక్కటే ఆశ. కుడి పాయకు కింది చివర ఇనుప ఊచలు, పైనుంచి మరుగుతున్న నీళ్లు. మనిషి రావాలంటే మూతల్లోంచే రావాలి.

ఆమె చేతికందిన రాయి తీసుకుని వీధి ఎక్కింది. మొదటి మూత మీద దబదబా బాదింది. జవాబు లేదు. దర్జీ కొట్టు ముందు మూత అంచుల్లోంచి అప్పుడే ఆవిరి లేస్తోంది. "ఉన్నావా? పలకవయ్యా!" గొంతు చించుకుంది. ఉలుకూ పలుకూ లేదు. నేనే పంపాను, నా చేతులారా పంపాను అని కుమిలిపోతూనే తర్వాతి మూత దగ్గరికి ఉరికింది.

రొట్టెల కొట్టు ముందు మూత కింద ఠంగుమంది.

"ఇక్కడే! ఇక్కడే ఉన్నాడు! గునపం తెండి!"

మూత చుట్టూ సున్నం గడ్డకట్టి సిమెంటులా పట్టేసింది. రొట్టెలాయన గునపంతో పొడుస్తున్నాడు. దర్జీ, స్నానానికి వచ్చినవాళ్లు తలో చెయ్యి వేశారు.

"కాళ్లు కాలిపోతున్నాయే..." కిందినుంచి సన్నగా వినబడింది.

"గోడ పట్టుకో! పైకి ఎగబాకు! వచ్చేస్తున్నాం!"

మూత కదిలింది. గుప్పున ఆవిరి కొట్టింది. ఆ ఆవిరిలోకి ఆమె చేతులు పెట్టి, దొరికిన మణికట్టును పట్టుకుని లాగింది. నలుగురూ కలిసి అతన్ని బయటపడేశారు. కాళ్లు మోకాళ్ల దాకా కందిపోయి బొబ్బలెక్కాయి. ప్రాణం మాత్రం ఉంది. ఎవరో డాక్టరు కోసం పరుగెత్తారు.

తలుపు దించేసి తమ్ముడు రొప్పుతూ వచ్చాడు. బావ కాళ్లు చూసి అక్కడే కూలబడి బావురుమన్నాడు.

"బయటికి వస్తుంటే కుడి పాయలో గీకుతున్న చప్పుడు విన్నానక్కా. బావే అని తెలుసు. నేను చక్రం దగ్గరికి చేరేలోపు బయటికి వచ్చేస్తాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. పిలిస్తే నేనే ముందు మాట్లాడినట్టవుతుందని..."

వడ్రంగి పళ్లు బిగబట్టి తల ఎత్తాడు. "వాణ్ణి ఏమీ అనకు. వాడు వెళ్లిపోతున్న అడుగుల చప్పుడు నేనూ విన్నాను. ఉన్నానురా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది."

"మరెందుకు వెయ్యలేదు?"

అతను బావమరిది వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "వాడే ముందు పిలవాలని."

ఎవరి చెంప ముందు వాయించాలో ఆమెకు తెలియలేదు. కమిలిన చేతులతోనే ఇద్దరి తలలూ దగ్గరికి లాక్కుని, నడివీధిలో గొల్లున ఏడ్చింది.