రంగు గీకిన చోట

రోజలీ డోంబెక్ లిఫ్ట్ కింద నిలబడి స్వే బార్ మీది నల్లరంగు గీకుతోంది. షాపు ఇంకా తెరవలేదు. పెచ్చులు కళ్లజోడు మీద, భుజాల మీద రాలుతున్నాయి. ఆ కడ్డీ కారుకు అడ్డంగా ఉండి, మలుపులో బండి పక్కకు ఒరగకుండా ఆపుతుంది. దాని చుట్టూ తొడిగే రెండు మెత్తటి కట్లు, బుష్‌లు, దాన్ని బండి అడుగుకు పట్టి ఉంచుతాయి. అవి వదులైతే లోపల ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడొస్తుంది.

కారు ఆమెదే. ఎనభై తొమ్మిది మోడల్, రెండు తలుపుల టర్బో. క్లీవ్‌లాండ్ పక్కన పార్మాలో, ఈ టైర్ల షాపులోనే చక్రాల అలైన్‌మెంట్ చేస్తూ కూడబెట్టి కొన్నది. పెళ్లి చేసుకోలేదు. అందరూ సెలవులకి వెళ్లే ఫ్లారిడా చూడలేదు. వేసవి ఆదివారాల్లో కార్ల క్లబ్బు మూతపడ్డ మాల్ పార్కింగ్‌లో కోన్లు పేర్చి, వాటి మధ్య కారు వేగంగా నడిపే పోటీ పెడుతుంది. ఆమె ఏ ఏడూ మానకుండా వెళ్లిన చోటు అదొక్కటే.

పోయినేడు మాత్రం వెనక్కి పంపారు. పోటీకి ముందు బళ్లు తనిఖీ చేసే ఆల్విన్ స్ట్రాబ్ ముందు చక్రం పట్టుకుని ఊపాడు. లోపల టక్‌మంది.

"దీనికిక రెస్టివ్వు రోజలీ. నువ్వూ తీసుకో," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

అంతకు వారం ముందే ఆమె కొత్త బుష్‌లు వేసింది. చప్పుడు ఎక్కడిదో చలికాలమంతా ఆలోచించింది. మంచు కరిగాక తట్టింది. తుప్పు కనపడకుండా కడ్డీకి తనే పూతమీద పూత వేసి, ఆ రంగు మీదే కొలత తీసుకుంది. బుష్‌లు ఒక సైజు పెద్దవి వచ్చాయి.

ఇనుము బయటపడ్డాక మందం కొలిచే కాలిపర్ పెట్టింది. ముప్ఫై నాలుగు మిల్లీమీటర్లు.

"గాడిద," అంది. ఆ మాట తనకే.

మేనేజర్ కీత్ తాళాలు తీసుకుని లోపలికొచ్చాడు. ఆమె కంటే బాగా చిన్నవాడు.

"మళ్లీ లిఫ్ట్ కిందికెళ్లారా? డాక్టరేమన్నాడు?"

"బరువులెత్తొద్దన్నాడు. కాలిపర్ బరువెంతుంటుందో ఫోన్ చేసి కనుక్కో."

"మిమ్మల్ని కౌంటర్లో కూర్చోబెట్టింది మీ గుండె కోసమే."

"నా గుండెకి కౌంటరు నచ్చలేదురా."

గుండె బలహీనపడుతోందనీ, ఇక బాగుపడదనీ షాపులో అందరికీ తెలుసు. సాయంత్రానికి ఆమె కాళ్లు వాస్తాయి. బూట్ల లేసులు వదులు చేసుకుని కూర్చుంటుంది. తలుపులు తెరిచేవేళకు కౌంటర్లో ఉంది. వచ్చినవాళ్లకు టైర్లు చూపించింది, ఫోన్లెత్తింది. రోడ్డు గుంటల్ని తిట్టినవాళ్లతో కలిసి తనూ తిట్టింది.

మధ్యాహ్నం విరామంలో రోడ్డు దాటి విడిభాగాల దుకాణానికి వెళ్లింది. అక్కడ మెర్ల్ వార్గో ఆమెతో హైస్కూల్లో చదివినవాడు. చెప్పకముందే పాకెట్లు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ముప్ఫై అయిదేగా? పోయినేడు అదే తీసుకున్నావ్."

"ముప్ఫై నాలుగు. పోయినేడు రంగు కొలిచాను. ఈసారి ఇనుము కొలిచాను."

మెర్ల్ పడీపడీ నవ్వాడు. "ఇన్నేళ్ల సర్వీసులో ఉండి, రంగు కొలిచావా?"

"నవ్వు, నవ్వు. నవ్వడం అయ్యాక సరుకు తియ్యి."

పాకెట్లు మార్చాడు. ఒక దాంట్లో రబ్బరు బుష్‌లు, రెండో దాంట్లో గట్టి ప్లాస్టిక్‌లాంటి ఎర్రటి పాలీవి. రోజలీ ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూసింది. రబ్బరు లొంగింది. పాలీ లొంగలేదు.

"రబ్బరే తీసుకో. గుంటల్లో నీ నడుముకి హాయి," అన్నాడు మెర్ల్.

"నా నడుం సంగతి నీకెందుకు?"

"పాలీకి గ్రీజు సరిగా పట్టకపోతే కీచుమంటుంది. ఊరంతా వింటుంది."

"విననీ."

"మొండిదానివి. సరే, దీనికి జీవితకాలం గ్యారంటీ ఉందిలే."

"ఎవరి జీవితకాలం?"

మెర్ల్ ముఖంలో నవ్వు పోయింది. కాసేపు బల్ల తుడిచాడు.

"కారుది అనుకుంటా," అన్నాడు.

"అయితే చాలు."

ఆ రోజు శనివారం కనక షాపు తొందరగా మూశారు. కీత్ ఇంటికి వెళ్లకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెయ్యి సాయం వేస్తానన్నాడు. అక్కడే ఉండమంది. పాత బుష్‌లు ఊడదీసింది. కొత్తవాటి లోపలంతా వేలితో గ్రీజు పూసింది. మధ్యలో రెంచి పక్కన పెట్టి, టైర్ల దొంతి మీద కూర్చుంది. ఊపిరి కుదుటపడేదాకా నేల చూస్తూ ఉండిపోయింది. లేచి మళ్లీ బిగించింది.

సాయంత్రం మాల్ పార్కింగ్‌లో, మర్నాటి పోటీ తనిఖీకి, ఆల్విన్ చక్రం పట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. మోకాళ్ల మీద వంగి, కడ్డీని రెండు చేతుల్తో లాగాడు. కదల్లేదు.

"రెస్టివ్వమన్నాను గదా," అన్నాడు లేస్తూ.

"ఇచ్చాను. చలికాలమంతా."

"కారుకి. మరి నీకో?"

"నన్నెవరు తనిఖీ చేస్తున్నారిక్కడ?"

ఆల్విన్ పోటీకి అర్హత స్టిక్కరు అద్దం మీద అతికించి, దారి వదిలాడు.

ఆదివారం ఆమె తన వంతులన్నీ నడిపింది. రెండు కోన్లు పడగొట్టింది. తన రకం కార్ల తరగతిలో చివరినుంచి రెండోదిగా వచ్చింది. ఎక్కడ ఆలస్యమైందో, ఏ మలుపులో బ్రేకు ముందే తొక్కిందో చూడ్డానికొచ్చిన మెర్ల్‌ను నిలబెట్టి చెప్పింది. వచ్చేసారి తొక్కనంది.

బుధవారం కౌంటర్లో లేదు. ఫోన్ ఎత్తకపోతే కీత్ వెళ్లాడు. పక్కింటావిడ దగ్గర తాళం ఉంది. రోజలీ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే పోయిందన్నారు.

కారు తన కొడుక్కి కావాలని, డెట్రాయిట్ నుంచి ఆమె చెల్లెలు కబురు పెట్టింది. అంతదూరం పంపేముందు కీత్ దాన్ని లిఫ్ట్ ఎక్కించి, టార్చి వేసి అడుగంతా చూశాడు. బుష్‌లను పట్టి ఉంచే బోల్టులు నాలుగు. బిగించాక ఒక్కోదాని తలమీంచి కింది క్లాంపు పట్టీ మీదికి పచ్చ పెయింట్ పెన్నుతో రోజలీ గీత గీసి ఉంచింది. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా ఆ గీత తెగి రెండు ముక్కలవుతుంది. పోటీలో అన్ని మలుపులు తిరిగి వచ్చాక కూడా నాలుగు గీతలూ తిన్నగా, ఎక్కడా తెగకుండా ఉన్నాయి.