పధ్నాలుగో పీపా

తమ్ముడి సంచి నేనే సర్దాను. వాణ్ణి సర్దుకోమంటే ఒక ప్యాంటూ, ఆరు గాజు గ్లాసులూ పెట్టుకుని అయిపోయిందంటాడు. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా అంతే. మర్నాడు, సోమవారం, పొద్దున ఆరింటి బండికి ప్రయాణం. ఓడెక్కి పైదేశం వెళ్ళి, షెర్రీ అనే ద్రాక్షసారా నానిన పాత పీపాలు నలభై ఏరి పంపాలి. వాటిలో వాడి డిస్టిలరీవాళ్ళు విస్కీ పోసి పన్నెండేళ్ళు కదలకుండా ఉంచుతారు. పీపాల్ని ఏరేది ముక్కుతోనే.

ఆ ముక్కుతో ముప్పై ఏళ్ళు వేగాను. ఇంట్లో వాసన సబ్బు ఉండకూడదు, పౌడరు ఉండకూడదు, ఉల్లిపాయ వేయిస్తే వంటింటి తలుపు మూసుకోవాలి. అందుకే సంచి అడుగునున్న స్వెట్టరు మడత విప్పగానే నా గుండె జారింది. నాలుగు కలరా ఉండలు! పొద్దుటి నుంచీ అందులోనే ఉన్నాయి. సంచంతా కంపు.

వీధిలోకి విసిరేస్తాడనుకున్నాను. వాడు స్వెట్టరు అందుకుని, తలమీంచి తొడుక్కుని, "చలిగా ఉందక్కా" అని మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు.

బల్ల మీద చిన్న సీసా, డిస్టిలరీలో పధ్నాలుగో పీపాలోంచి తీసిన విస్కీ. వెళ్ళేలోగా దాని రిపోర్టు ఇవ్వాలి. నేను చదవడం నేర్చుకున్నదే వాడి రిపోర్టుల మీద కనక, భుజం మీంచి తొంగిచూశాను. ఎండుద్రాక్ష, అంజీరు, నారింజ తొక్క, చివర్లో అక్రోటు. పోయినేడాది రాసిందే, మక్కికి మక్కి.

నేను చుక్క ముట్టను. కానీ మూత తీసి వాసన చూశాను. ఎండుద్రాక్ష ఉంది, కాదనను. దాని వెనకే అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల. ఖాళీ పీపా పాడవకుండా లోపల గంధకం వెలిగిస్తారనీ, అది మోతాదు మించితే ఆ వాసన విస్కీకి పట్టుకుని వదలదనీ వాడే నాకు వందసార్లు చెప్పాడు.

"అగ్గిపుల్ల కంపురా ఇది."

"నీ మొహం. నీకేం తెలుసు?"

"సరే, ఈ సంచిలో ఏం వాసనొస్తోందో చెప్పు."

వాడు సంచిలో తల దూర్చాడు. ఎంతకీ తియ్యడే! "బట్టల వాసన."

"కలరా ఉండలురా! నాలుగు! ఎన్నాళ్ళయింది ఇలా?"

"వానల్లో జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి. అరవకక్కా, కిటికీ తెరిచుంది."

"మరి పీపాలెలా ఏరతావు, చెవుల్తోనా?"

"పన్నెండేళ్ళకి గానీ బయటపడదులే. అప్పటికి నేనెక్కడో."

"పీపా ఇక్కడే ఉంటుంది కదరా, నువ్వు ఏరావని రాసుకుని!"

వాడు కలం తీసి రిపోర్టంతా కొట్టేసి, 'అగ్గిపుల్ల' అని రాశాడు.

"ఆఫీసులో చెప్పలేనక్కా. నేను వెళ్ళేచోట పీపాలు చేసే పెద్దాయనకి చెప్తాను. ఆయన చేత వాసన చూపిస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు. ఇక ఆ ఉండలు తీసెయ్ తల్లీ."

తీశాను. ఎందుకు తీసినట్టో, వాడికెలాగూ తెలియదు.

మాట నిలబెట్టుకున్నాడు. నలభై పీపాలూ మే నెలలో దిగాయి. ఒక్కదానికీ వంక లేదని డిస్టిలరీవాళ్ళు మురిసిపోయారు. నాకు మాత్రం ఉత్తరం వచ్చింది. "అక్కడికొస్తే మళ్ళీ గ్లాసు చేతికిస్తారు, వాసన చెప్పమంటారు. ఇక్కడ పీపాలకి ఇనుప పట్టీలు బిగించే పనిచ్చారు. దీనికి ముక్కుతో పనిలేదు. కోప్పడకు."

కోప్పడక ఏం చెయ్యను? మూడు నెలలే కదా అని రెండో స్వెట్టరు కూడా పెట్టలేదు నేను.

నా తమ్ముడు జనవరి మూడో సోమవారం ఆరింటి బండికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.